పేస్‌మేకర్ డేటా మీ సాఫ్ట్‌వేర్‌లోకి రావాలంటే: ముందు సీరియల్ నంబర్లు, తర్వాతే ఇంటర్‌ఫేస్

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. విశాఖ ఎంవీపీ కాలనీలో ఇద్దరు కార్డియాలజిస్టులున్న క్లినిక్, గుండెలో మిషన్ పెట్టుకున్న పేషెంట్లు దాదాపు 280 మంది. పేస్‌మేకర్లు ఎక్కువ, కొన్ని ఐసీడీలు (ప్రమాదకరమైన లయ వస్తే షాక్ ఇచ్చేవి), సీఆర్‌టీలు (గుండె రెండు వైపులనూ కలిపి కొట్టించేవి), ఓ పాతిక లూప్ రికార్డర్లు (చర్మం కింద ఉండి గుండె లయను రికార్డు మాత్రమే చేసేవి). నాలుగు కంపెనీలు, ఇంట్లో ఉన్న పేషెంట్ల మిషన్ డేటా వచ్చి కనబడే నాలుగు పోర్టళ్లు (కంపెనీ వెబ్‌సైట్లు), నాలుగు పాస్‌వర్డ్‌లు. పెద్ద డాక్టరుగారు ఫైలు తెరవగానే అన్నీ మన సాఫ్ట్‌వేర్‌లోనే కనబడాలన్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్లు నెల రోజుల్లో చేసిపెడతామన్నారు, అడ్వాన్స్ ఇవ్వాలా వద్దా అని మీరు ఆగారు. ఆగి మంచి పని చేశారు. ఇంకో రెండు నెలలు ఆగండి. ఆ రెండు నెలల్లో చేయాల్సిన పని వేరే ఉంది, అది చేయకుండా ఇంటర్‌ఫేస్ (పోర్టల్ డేటాను మీ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చే లింకు) పెట్టిస్తే ఇప్పుడు చేత్తో జరుగుతున్న పొరపాట్లే రేపు వాటంతటవే, ఇంకా వేగంగా జరుగుతాయి.

నేను విశాఖలో పదమూడేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. మొదట టెక్నీషియన్‌గా, మిషన్‌ను చదివి సెట్ చేసే ప్రోగ్రామర్ అనే పెట్టె మోసుకుంటూ వార్డులు తిరిగాను, ఇప్పుడు ఒక గ్రూపు క్లినిక్‌లో మిషన్ పేషెంట్లందరి రిమోట్ పని, అంటే ఇంట్లో ఉన్నవాళ్ల మిషన్ డేటాను దూరం నుంచి చూసే పని, నా మీద ఉంది. మీరు ఏ గుంటలో పడే అవకాశం ఉందో అందులో నేను ఒకసారి పడ్డాను, అందుకే అక్కడినుంచి మొదలుపెడతాను.

ఏడెనిమిదేళ్ల కిందట నేను వేరే ఆసుపత్రిలో ఉన్నప్పుడు పోర్టల్ నుంచి పీడీఎఫ్ రిపోర్టు దించి పేషెంట్ ఫైలులో పెట్టే పని మాది. పేరు చూసి పెట్టేవాళ్లం. మాకు ఇద్దరు అప్పలరాజులు ఉండేవారు. ఇద్దరిదీ ఒకే కంపెనీ పేస్‌మేకర్, ఇద్దరూ అరవై దాటినవాళ్లే, ఒకరిది భీమిలి వైపు, ఇంకొకరిది అనకాపల్లి వైపు. భీమిలి ఆయన బ్యాటరీ మార్చే దశకు వచ్చిందని రిపోర్టు వస్తే అది అనకాపల్లి ఆయన ఫైలులోకి వెళ్లింది, పోర్టల్‌లో చూసేశామని నొక్కాం కాబట్టి అక్కడ ఎర్ర గుర్తు కూడా పోయింది. కొన్ని మోడళ్లు బ్యాటరీ ఆ దశకు రాగానే ఛార్జి మిగుల్చుకోవడానికి గుండె పై గదిని వదిలేసి కింది గదిని మాత్రమే నిమిషానికి 65 చొప్పున కొట్టించే పద్ధతిలోకి మారిపోతాయి. ఆయనకు ఆయాసం, నీరసం మొదలయ్యాయి, ఊళ్లో డాక్టరు ఊపిరితిత్తుల సమస్య అనుకుని మందులిచ్చారు. నలభై రోజుల తర్వాత కొడుకు బండి మీద ఎక్కించుకుని తీసుకొస్తే ప్రోగ్రామర్ పెట్టిన నిమిషంలో సంగతి తెలిసింది. మిషన్ మార్చారు, కోలుకున్నారు. కానీ ఆ సమాచారం మా దగ్గరకు సకాలంలోనే వచ్చింది, మేమే దాన్ని ఇంకో మనిషి ఫైలులో పెట్టుకుని కూర్చున్నాం. ఆ నలభై రోజులు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి.

మన ఉత్తరాంధ్రలో పేరు చూసి మనిషిని గుర్తుపట్టడం అయ్యే పని కాదు, ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు ఉండదు. అప్పారావు, అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలనరసమ్మ, సింహాచలం అని ఆడవాళ్లకూ ఉంటుంది మగవాళ్లకూ ఉంటుంది. దానికి తోడు ఇంటిపేరు ఒక పోర్టల్‌లో ముందు, ఇంకో పోర్టల్‌లో వెనక, క్యాథ్ ల్యాబ్‌లో కంపెనీ రెప్ హడావుడిగా ఇంగ్లీషులో కొట్టిన స్పెల్లింగు ఒకటి, మీ రిసెప్షన్‌లో కొట్టింది ఇంకొకటి. పుట్టిన తేదీతో సరిచూద్దామంటే పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది. ఫోన్ నంబరు కొడుకుది, ఆ కొడుకు సిమ్ మార్చేశాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లు పేరు, పుట్టిన తేదీ, ఫోను కలిపి మ్యాచ్ చేస్తామంటారు చూడండి, ఆ మాట దగ్గరే వాళ్లను ఆపండి.

మారని గుర్తు ఒక్కటే, మిషన్ మోడల్, సీరియల్ నంబరు. కంపెనీల సిస్టమ్‌లూ దాన్నే నమ్ముతాయి. ఈ డేటా పంపే ప్రామాణిక మెసేజ్‌లో పేషెంట్ గుర్తింపు గడిలో ఉండేది మోడల్, సీరియల్ కలిపిన సంఖ్యే, పేరు ఉన్నా లేకపోయినా చెల్లుతుంది. అందుకని ఒక రిజిస్టర్ తయారుచేయండి. ఎక్సెల్‌లో అయినా ఫరవాలేదు, నేను రెండేళ్లు ఎక్సెల్‌తోనే నడిపాను. మీ ఆసుపత్రి నంబరు, కంపెనీ, మోడల్, సీరియల్, పెట్టిన తేదీ, గుండెలోకి వెళ్లే వైర్ల మోడల్, సీరియల్, ఇంట్లో ఇచ్చిన మానిటర్ సీరియల్, ఆఖరిసారి సిగ్నల్ వచ్చిన తేదీ, రెండు ఫోన్ నంబర్లు ఉండాలి, అందులో ఒకటి తప్పకుండా ఆ ఇంట్లో పడుకునే మనిషిది కావాలి, బెంగళూరులో ఉన్న అబ్బాయిది కాదు. ఇంకొక గడి చాలామంది పెట్టరు, నేను మాత్రం అదే ముఖ్యమంటాను: పేషెంట్ పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడి ఉన్నారా, లేదా. మిషన్ ఒక్క క్షణం ఆగితే సొంత గుండె కొట్టుకోనివాళ్లు ఎవరో మీకు ఒక చూపులో తెలియాలి, దాని అవసరం కింద తుపాను మాట దగ్గర చెబుతాను.

బ్యాటరీ అయిపోయి మిషన్ మార్చినప్పుడు పాత సీరియల్ మీద కొత్తది కొట్టేయకండి. పాత వరుసకు ముగింపు తేదీ వేసి కింద కొత్త వరుస తెరవండి. అలా చేయకపోతే మూడేళ్ల తర్వాత ఆ పాత వైరు ఇంపెడెన్స్ (కరెంటుకు వైరులో ఎదురయ్యే అడ్డు) ఎప్పటినుంచి పెరుగుతోందని డాక్టరుగారు అడిగితే చరిత్ర రెండు ముక్కలై ఉంటుంది. కంపెనీ ఏదైనా మోడల్‌కు జాగ్రత్త నోటీసు ఇచ్చినప్పుడు ఆ సీరియల్ వరుసలో మన వాళ్లెవరున్నారో అయిదు నిమిషాల్లో తీయాలన్నా ఈ రిజిస్టరే దిక్కు. మిషన్ మారాక పాత మానిటర్ ఇంట్లో అలాగే వెలుగుతూ ఉంటుంది, ఇంట్లోవాళ్లు పనిచేస్తోందనుకుంటారు, కానీ అది కొత్త మిషన్‌తో మాట్లాడదు. డిశ్చార్జి రోజే పాతది వెనక్కి తెమ్మని చెప్పండి.

ఈ రిజిస్టర్ నింపడానికి నాలుగు పోర్టళ్ల నుంచి పేషెంట్ల జాబితాలు దించండి, పేషెంట్ దగ్గరుండే మిషన్ కార్డు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకుని ఒక్కొక్కటి సరిచూడండి. చనిపోయినవాళ్లు, హైదరాబాద్ వెళ్లిపోయినవాళ్లు, రెండుసార్లు ఎక్కినవాళ్లు బయటపడతారు, కంగారుపడకండి, ఎవరికైనా అలాగే ఉంటుంది. ఒక్కో పోర్టల్‌లో పేషెంట్ ఐడీ అని మీ ఇష్టానికి వదిలేసిన గడి ఉంటుంది, అందులో మీ ఆసుపత్రి నంబరు కొట్టండి. ఇది విసుగు పుట్టించే పని, ఒక మనిషికి రెండు మూడు వారాలు పడుతుంది, కానీ తర్వాత వచ్చే ఇంటర్‌ఫేస్ సగం దీనిమీదే నిలబడుతుంది.

ఇప్పుడు డేటా అసలు ఎలా వస్తుందో. మిషన్‌లోంచి ఇంట్లో మంచం పక్కన పెట్టిన మానిటర్‌కు 402 నుంచి 405 మెగాహెర్ట్జ్ రేడియో మీద, కొత్త మోడళ్లలో అయితే బ్లూటూత్ మీద పేషెంట్ ఫోన్‌లోని యాప్‌కు వెళ్తుంది, అక్కడినుంచి మొబైల్ నెట్‌వర్క్ మీద కంపెనీ సర్వర్‌కు, అక్కడినుంచి పోర్టల్‌కు. మెడ్‌ట్రానిక్‌ది కేర్‌లింక్, అబాట్‌ది మెర్లిన్, బోస్టన్ సైంటిఫిక్‌ది లాటిట్యూడ్, బయోట్రానిక్‌ది హోమ్ మానిటరింగ్. మీకు డేటా అందేది కంపెనీ సర్వర్ దాటిన తర్వాతే, మధ్యలో ఎక్కడా తీసుకోవడానికి లేదు. కాబట్టి మిషన్ నుంచి డైరెక్టుగా మన సాఫ్ట్‌వేర్‌లోకి అని ఎవరైనా అంటే వాళ్లకు ఈ పని తెలియదన్నమాట.

సర్వర్ నుంచి మీకు రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి పీడీఎఫ్ దించి ఫైలుకు తగిలించడం. రెండోది హెచ్‌ఎల్7 మెసేజ్, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి డేటా పంపుకునే ప్రామాణిక రూపం. దానికి ఐహెచ్ఈ అనే సంస్థ రాసిన ఐడీసీఓ ప్రొఫైల్ (గుండె మిషన్ల డేటా ఎలా పంపాలో చెప్పే నియమాలు) ఉంది, అందులో వాడే పదాల జాబితా ఐఈఈఈ 11073-10103 ప్రమాణం. దీని ఉపయోగం ఏమిటంటే, ఒక కంపెనీ బ్యాటరీ మార్చే దశను ఈఆర్‌ఐ అంటుంది, ఇంకొకటి ఆర్‌ఆర్‌టీ అంటుంది, ఈ జాబితాలో రెండూ ఒకే పేరు కిందకు వస్తాయి. వైర్ల ఇంపెడెన్స్, థ్రెషోల్డ్ (గుండెను కొట్టించడానికి కావాల్సిన కనీస కరెంటు), సెన్సింగ్ (సొంత కొట్టుకోవడాన్ని మిషన్ గుర్తించడం), పేసింగ్ శాతం, ఎపిసోడ్ల (లయ తప్పిన ఘటనల) లెక్క, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పై గదుల లయ తప్పడం) ఎంతసేపు ఉందన్నది, ఇవన్నీ విడివిడి సంఖ్యలుగా వస్తాయి, గ్రాఫ్ గీసుకోవచ్చు. కానీ డాక్టరు చూసి నిర్ణయించేది ఈజీఎం గీతలను, అంటే గుండె లోపలినుంచి మిషన్ రికార్డు చేసిన ఈసీజీ లాంటి గీతలను. అవి చాలావరకు అదే మెసేజ్‌లో అతికించి పంపే పీడీఎఫ్‌లోనే ఉంటాయి. సంఖ్యలు తీసుకుని పీడీఎఫ్ వదిలేసే ఇంటర్‌ఫేస్ కట్టించుకున్న క్లినిక్ ఒకటి నాకు తెలుసు, ఇప్పుడు వాళ్ల డాక్టరు గీత చూడాలంటే మళ్లీ పోర్టల్‌కే వెళ్తున్నారు.

మీ సాఫ్ట్‌వేర్ వాళ్లను కూర్చోబెట్టి ఇవి అడగండి. మెసేజ్‌లో ఇమిడి వచ్చే పీడీఎఫ్‌ను విప్పి ఫైలుకు తగిలించడం ఎక్కడైనా చేశారా? సీరియల్ నంబరు మన రిజిస్టర్‌లో లేని మెసేజ్ వస్తే అది ఎక్కడికి పోతుంది? దీనికి సరైన జవాబు ఒక్కటే, ఎవరికీ చెందని మెసేజ్‌లన్నీ ఒక వరుసలో ఆగాలి, రోజూ ఒక మనిషి వాటిని చూడాలి. దగ్గరి పేరున్న పేషెంట్‌కు కలిపేస్తాం అంటే బిల్లు ఎంత తక్కువైనా వద్దనండి. మూడోది సమయం. కొన్ని చోట్ల టైమ్ అంతర్జాతీయ సమయంలో వస్తుంది, మనకు అయిదున్నర గంటలు కలపాలి. అది మరిచిపోతే తెల్లవారుజామున మూడింటికి వచ్చిన ఎపిసోడ్ ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చినట్టు కనబడుతుంది, అప్పుడు ఏం చేస్తున్నారమ్మా అని మనం అడిగే ప్రశ్నే తప్పవుతుంది. నాలుగోది, మన సాఫ్ట్‌వేర్‌లో చూశామని నొక్కితే పోర్టల్‌లో ఎర్ర గుర్తు పోతుందా? సాధారణంగా పోదు, రెండు చోట్లా నొక్కాల్సిందే, ఈ రెండో పనికి సమయం ముందే లెక్కలో పెట్టుకోండి.

మధ్యలో మెసేజ్‌లు అందుకోవడానికి మిర్త్ కనెక్ట్ అనే సాఫ్ట్‌వేర్ వాడతామని అంటే అది మంచి ఇంజినే, కానీ 4.5 వరకే ఉచితంగా ఓపెన్ సోర్స్, 2025లో వచ్చిన 4.6 నుంచి లైసెన్స్ కొనాలి. మీ కొటేషన్‌లో ఏ వెర్షన్ రాశారో చూడండి. కంపెనీల వైపు నుంచి హెచ్‌ఎల్7 తెరవాలంటే రెప్ ద్వారా అర్జీ పెట్టాలి, వాళ్ల టెక్నికల్ టీమ్‌తో కూర్చోవాలి. మాకు మొదటి కంపెనీకే నాలుగు నెలలు పట్టింది. నెలలో నాలుగూ అవుతాయనేది జరగదు.

నా అభిప్రాయం సూటిగా అడిగితే, 280 మందికి మొదటి ఆరు నెలలు హెచ్‌ఎల్7 అక్కర్లేదు. శుభ్రమైన రిజిస్టర్, సీరియల్ చూసి తగిలించిన పీడీఎఫ్, అలర్ట్‌లు చూసే మనిషి ఉంటే చాలు. ఆ తర్వాత ఎక్కువ పేషెంట్లున్న కంపెనీ ఒక్కదానితో మొదలుపెట్టి, అది మూడు నెలలు సాఫీగా నడిచాక రెండోదానికి వెళ్లండి.

ఈ మనిషి సంగతి డాక్టరుగారికి మీరే చెప్పాలి, గట్టిగా చెప్పాలి. హార్ట్ రిథమ్ సొసైటీ, మరికొన్ని ఖండాల సంఘాలు కలిసి 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వెయ్యి మంది రిమోట్ పేషెంట్లకు ముగ్గురు పూర్తికాలం సిబ్బంది ఉండాలని ఉంది. మీ 280కి లెక్కేస్తే దాదాపు ఒక పూర్తి మనిషి. ఈసీజీ తీస్తూ, ఎకోకు పిలుస్తూ, ఖాళీ దొరికితే పోర్టల్ చూసే మనిషి ఈ లెక్కలోకి రారు. సెలవు పెడితే చూసే రెండో మనిషి పేరు కూడా కాగితం మీద ఉండాలి.

డాక్టరుగారు అంత ఖర్చు ఎందుకంటే ఈ రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూపించండి. 2014లో లాన్సెట్‌లో వచ్చిన ఇన్-టైమ్ ట్రయల్‌లో ఐసీడీ, సీఆర్‌టీ-డీ పెట్టుకున్న హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లు 664 మంది, ఏడాదిలో రిమోట్ వర్గంలో 10 మంది చనిపోతే మామూలు వర్గంలో 27 మంది. 2017లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన రెమ్-హెచ్ఎఫ్‌లో 1,650 మంది, అక్కడ ఏ తేడా లేదు. మొదటిదాంట్లో డేటా రోజూ వచ్చేది, ఒక కేంద్రంలో కూర్చున్నవాళ్లు దాన్ని చూసి ఆసుపత్రులకు చెప్పేవాళ్లు, పేషెంట్‌కు ఫోన్ వెళ్లేది. రెండోదాంట్లో వారానికోసారి దించి చూసేవాళ్లు. తేడాకు ఇదొక్కటే కారణమని పరిశోధకులు తేల్చి చెప్పలేదు, కానీ రోజూ ఈ పని చేసే మనిషిగా నేను ఆ తేడాను అలాగే చదువుతాను. అంతకుముందు 2010లో ట్రస్ట్ ట్రయల్ ఇంకో సంగతి చూపించింది, సమస్య మొదలైనప్పటినుంచి డాక్టరు చూసేదాకా మామూలు పద్ధతిలో 36 రోజులు పడితే రిమోట్‌లో రెండు రోజుల లోపే. మా భీమిలి ఆయన నలభై రోజులు నాకు ఆ 36 చూసినప్పుడల్లా కళ్లముందుకొస్తాయి.

అలర్ట్‌ల గురించి. కంపెనీ పెట్టి ఇచ్చిన సెట్టింగులతో వదిలేస్తే మీ మనిషి నెలలో అలసిపోయి అన్నీ ఒకేలా నొక్కేయడం మొదలుపెడతారు, ప్రమాదం అక్కడుంది. ఎప్పుడూ ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లోనే ఉండే పేషెంట్‌కు ఆ అలర్ట్ ఆపేయండి, రోజూ అదే వార్త ఎందుకు. లూప్ రికార్డర్లు పాతికే అయినా మీ అలర్ట్‌లలో పెద్ద వాటా వాటిదే అవుతుంది, అందులో చాలా తప్పుడువి, గీత సరిగా అందక గుండె ఆగిందని చెబుతుంది, ఎక్స్‌ట్రా బీట్లు చూసి ఫిబ్రిలేషన్ అంటుంది. ఏ పేషెంట్‌కు ఎందుకు పెట్టారో చూసుకుని, స్పృహ తప్పినందుకు పెట్టినవాళ్లకు ఒకలా, స్ట్రోక్ తర్వాత కారణం వెతకడానికి పెట్టినవాళ్లకు ఇంకోలా అలర్ట్ పెట్టమని డాక్టరుతో రాయించుకోండి. మా దగ్గర ఎరుపు అంటే అదే రోజు డాక్టరుకు ఫోన్: ఐసీడీ షాక్ కొట్టడం, వెంట్రిక్యులర్ టాకికార్డియా (కింది గదులు ప్రమాదకరంగా వేగంగా కొట్టుకోవడం), వైరు ఇంపెడెన్స్ ఒక్కసారిగా మారడం, బ్యాటరీ మార్చే దశ, ఆధారపడినవాళ్లలో థ్రెషోల్డ్ పెరగడం. ఇంపెడెన్స్ ఒక్కసారిగా బాగా పెరిగితే వైరు విరిగిందేమో, బాగా పడిపోతే పై తొడుగు చిరిగిందేమో అని చూస్తాం. మిగతావన్నీ పసుపు, వారంలో చూస్తే సరిపోతుంది.

స్టీల్ ప్లాంట్‌లో పనిచేసేవాళ్ల రిపోర్టులో నాయిస్ ఎపిసోడ్లు (గుండెవి కాని సంకేతాలు మిషన్‌కు అందడం) కనిపిస్తే వైరు పాడైందని తీర్మానించేముందు ఆ సమయానికి ఎక్కడున్నారో అడగండి. వెల్డింగు దగ్గరో పెద్ద మోటార్ల దగ్గరో ఉండి ఉండొచ్చు. ఇలాంటిది కంప్యూటర్ చెప్పదు, ఫోన్ చేస్తేనే తెలుస్తుంది. ఇందుకే టైమ్ సరిగ్గా ఉండాలన్నది.

అసలు మీ సమయం ఎక్కువ తినేది అలర్ట్‌లు కూడా కాదు, సిగ్నల్ రాని పేషెంట్లు. పోర్టల్‌లో డిస్‌కనెక్టెడ్ అని ఒక జాబితా ఉంటుంది, దాన్ని ఎవరూ తెరవరు, నేను రోజూ పొద్దున్న దాన్నే ముందు తెరుస్తాను. ఎర్ర అలర్ట్ లేదంటే అంతా బాగుందని అర్థం కాదు, ఆ మనిషి నుంచి మనకు ఏమీ రావడం లేదేమో. మానిటర్లు చాలావరకు అర్ధరాత్రి దాటాక, పేషెంట్ దగ్గర్లో పడుకుని ఉంటాడనే లెక్కతో మిషన్‌ను పలకరిస్తాయి. మన జనం జీవితం ఆ లెక్కలో ఇమడదు. ఏప్రిల్, మే నెలల్లో పల్లెల్లో పెద్దవాళ్లు డాబా మీదో వీధి అరుగు మీదో మంచం వేసుకుంటారు, మానిటర్ లోపల గదిలో టీవీ పక్కన ఉంటుంది. స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ పడిన వారం ఆ మనిషి ఇంట్లోనే ఉండడు. అలాంటివాళ్లకు పంపే సమయం మార్చే వీలు ఆ మోడల్‌లో ఉందేమో రెప్‌ని అడగండి, లేకపోతే పగలు పడుకునేటప్పుడు బటన్ నొక్కి పంపడం నేర్పండి. మనవడు సెల్ ఛార్జింగ్ కోసం మానిటర్ ప్లగ్గు పీకేస్తాడు, ఇది ఎంత మామూలో చెప్పలేను. మేం ప్లగ్గు మీద తెలుగులో స్టిక్కర్ అంటిస్తున్నాం: ఇది తాతగారి గుండె మిషన్‌ది, తీయవద్దు. అది అంటించాక ఆ ఫోన్లు బాగా తగ్గాయి.

ఫిషింగ్ హార్బర్ నుంచి బోటెక్కేవాళ్లు రోజుల తరబడి సముద్రం మీదే ఉంటారు, మానిటర్ జాలరిపేటలో ఇంట్లో ఉంటుంది. వాళ్లను డిస్‌కనెక్టెడ్ అని ప్రతి వారం వెంటపడి లాభం లేదు, వేటకెళ్లారని రిజిస్టర్‌లో రాసి తిరిగొచ్చే తేదీ వేసుకోండి. మిషన్ తన జ్ఞాపకంలో ఎపిసోడ్లను దాచుకుంటుంది, ఇంటికొచ్చిన రాత్రి పంపేస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం కదా, వాళ్లందరికీ నేరుగా వచ్చి చూపించుకునే అపాయింట్‌మెంట్లు ఆ రెండు నెలల్లోనే పెట్టండి. పాడేరు, చింతపల్లి, సీలేరు వైపు ఇళ్లలో నెట్‌వర్క్ ఉండదు. యాప్ ఉన్న మోడల్ అయితే సంత రోజు సిగ్నల్ ఉన్న చోటికి వచ్చినప్పుడు ఫోన్ తెరిచి యాప్ నొక్కమని చెబుతాం. ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ మిగల్చడానికి యాప్‌ను వెనకనుంచి ఆపేసే సెట్టింగు ఒకటి ఉంటుంది, దాన్ని మా దగ్గర డిశ్చార్జికి ముందే మార్చి పంపుతాం. యాప్ ఇచ్చేముందు ఆ ఫోన్ కంపెనీ జాబితాలో ఉందో లేదో చూడండి, లేకపోతే మంచం పక్కన పెట్టే మానిటరే అడగండి.

ఇక తుపాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా దగ్గర రిమోట్ పేషెంట్లు చాలా కొద్దిమంది, నగరంలోనే రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పటికి జాబితా పెరిగింది, శ్రీకాకుళం వైపు వాళ్లంతా ఒక్కసారిగా డిస్‌కనెక్టెడ్‌లోకి వచ్చేశారు. అందరికీ ఫోన్ చేయలేం, చేసినా కలవదు. అప్పుడే రిజిస్టర్‌లో ఆధారపడినవాళ్లు అనే గడి పెట్టాం. ఇలాంటప్పుడు ముందు ఐసీడీ ఉన్నవాళ్లు, ఆధారపడినవాళ్లు, బ్యాటరీ చివర్లో ఉన్నవాళ్లు, ఈ చిన్న జాబితాను పట్టుకుని ఊళ్లో తెలిసిన ఆర్ఎంపీ ద్వారానో చుట్టాల ద్వారానో కబురు కనుక్కోవాలి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచాల్సిన మాట ఒకటుంది, ఇంట్లోని మానిటర్ డబ్బా ఆగిపోతే గుండెలో మిషన్ ఆగదు. ఈ భయం చాలామందికి ఉంది, కరెంటు పోతే రాత్రంతా టెన్షన్‌తో మేలుకుని కూర్చున్న ముసలమ్మలు నాకు తెలుసు.

అలాగే ఇక్కడినుంచి మనం మిషన్ సెట్టింగు మార్చేస్తామని కొందరు భయపడతారు, కొందరు ఆశపడతారు. మేం ఇళ్లకు ఇస్తున్న మానిటర్లు చదవగలవు, మార్చలేవు. ఇది అత్యవసర సేవ కూడా కాదు. గుండెలో నొప్పి, స్పృహ తప్పడం, ఐసీడీ ఒకటికి రెండుసార్లు షాక్ కొట్టడం జరిగితే మా ఫోన్ కోసం ఎదురుచూడకుండా 108కి చేయాలి. ఈ మాట ఒప్పంద పత్రంలో తెలుగులో, పెద్ద అక్షరాల్లో, మొదటి పేజీలోనే ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది కాబట్టి సంతకం ఎలాగూ తీసుకోవాలి, పేషెంట్ సమాచారం కంపెనీ సర్వర్‌లోకి, ఒక్కోసారి దేశం దాటి కూడా వెళ్తుందని అందులో రాయండి. చదువురానివారికి చదివి వినిపించండి. పోర్టల్ లాగిన్ ఒక్కటే అందరూ వాడటం ఇవాళే మానేయండి, ఎవరు ఏ అలర్ట్ నొక్కారో తెలియకపోతే మా అప్పలరాజు గారి కథ మీ దగ్గరా జరుగుతుంది.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. అమెరికాలో దీనికి విడిగా బిల్లింగ్ కోడ్‌లున్నాయి, మన దగ్గర అలాంటిది లేదు. మేం ఏడాదికి ఒక చిన్న మొత్తం తీసుకుంటాం, ఇవ్వలేనివాళ్ల దగ్గర తీసుకోం. పేషెంట్‌కు మిగిలేది మాత్రం ఎక్కువే. 2023 మార్గదర్శకాల ప్రకారం సిగ్నల్ నిలకడగా వస్తూ, ఈమధ్య అలర్ట్‌లు గానీ వేరే గుండె ఇబ్బందులు గానీ లేనివాళ్లు నేరుగా రావడాన్ని 24 నెలల వరకు పొడిగించవచ్చు. ఇచ్ఛాపురం నుంచో జయపురం నుంచో ఇద్దరు మనుషులు తెల్లవారకముందే బయలుదేరి, ఒకరోజు కూలి పోగొట్టుకుని, మా దగ్గర పది నిమిషాలు కూర్చుని అంతా బాగుందనిపించుకుని వెళ్లేవాళ్లు. ఆ ప్రయాణాలు తగ్గించగలిగినందుకే నాకు ఈ పని మీద ఇంత పట్టు.

చివరగా మీరు అడిగిన ఇంకో ప్రశ్న, అన్ని కంపెనీలనూ ఒకే తెరమీద చూపించే బయటి సాఫ్ట్‌వేర్ కొనొచ్చా అని. బయటి దేశాల్లో అలాంటివి బాగా నడుస్తున్నాయి, కొనొచ్చు, కానీ మన దగ్గర నాలుగు కంపెనీలూ వాటికి డేటా ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా చూపించమనండి, మీ పేషెంట్లలో ఇరవై మందితో నెల రోజులు నడిపి చూపించమనండి. ఆ ఇరవై మందిలో ఒకే పేరున్నవాళ్లను ఇద్దరిని, ఈమధ్య మిషన్ మార్చినవాళ్లను ఇద్దరిని, పాడేరు వైపు నుంచి ఒకరిని తప్పకుండా పెట్టండి. నెలాఖరుకు ఆ అయిదుగురి ఫైళ్లు మీరే తెరిచి, సీరియల్ నంబరు మిషన్ కార్డుతో పట్టి చూసుకుని, అప్పుడు అడ్వాన్స్ మాట మాట్లాడండి.